ఎవరూ ముట్టుకోని జానర్‌లో గేమ్ చేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది చిన్న టీమ్. తర్వాతి గేమ్ రియల్ టైమ్ స్ట్రాటజీలో (ఆర్‌టీఎస్, అంటే వంతులు లేకుండా అప్పటికప్పుడు సైన్యాన్ని నడిపించే ఆట) చేద్దామని నా పట్టు. మిగతావాళ్లు డెక్‌బిల్డరే (ఆడుతూ కార్డులు పోగుచేసుకునే ఆట) మేలంటున్నారు. 2019లో స్లే ద స్పైర్ అనే డెక్‌బిల్డర్ పూర్తిగా విడుదలయ్యాక ఆ బాటలో వచ్చినవాటికి లెక్కే లేదు. ఆ గుంపులో మనల్ని ఎవరు చూస్తారండీ?

ఎవరూ పట్టించుకోని జానర్‌లోనూ చేయొచ్చు అనడానికి ఒక ఉదాహరణ ఉంది: 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ వచ్చేదాకా పీసీలో వ్యవసాయం గేములంటే పెద్ద స్టూడియోలకు పెద్దగా ఆసక్తి లేదు. దాన్ని చేసింది ఒక్క మనిషి! కాకపోతే ఆర్‌టీఎస్ వెనకబడటానికి గట్టి కారణాలే ఉన్నాయి. వందల యూనిట్లు (సైనికులు, వాహనాల్లాంటివి) ఒకదానికొకటి అడ్డం పడకుండా దారి వెతుక్కోవాలి. కంట్రోలర్‌తో ఆడటం నరకం. మల్టీప్లేయర్‌లోనైతే అందరి కంప్యూటర్లలో ఆట తేడా లేకుండా నడవాలి, అది మా వల్ల కాదు.

అందుకే మల్టీప్లేయర్ వదిలేసి, సింగిల్ ప్లేయర్ మిషన్లతోనే చిన్నగా చేద్దామనుకుంటున్నా. ఈ జానర్ అభిమానులు దాన్ని ఒప్పుకుంటారా? అసలు ఒక జానర్‌కి ఆడేవాళ్లే లేరా, లేక కొత్త గేములు రాక వాళ్లు పాతవే ఆడుకుంటున్నారా అన్నది డబ్బు పెట్టకముందే ఎలా తేల్చుకోవాలి? డెమోకి వచ్చే విష్‌లిస్టులను (తర్వాత కొందామని ఆటగాళ్లు స్టోర్‌లో గుర్తు పెట్టుకోవడం) నమ్మొచ్చా? ఇలాంటి గేమ్ అమ్మినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి, నష్టపోయినా సరే.