మసాయి మారాలో సింహాలు: దసరాకా, సంక్రాంతికా?

సీతమ్మధార_నాన్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదేళ్లు. జూపార్కుకి వెళ్తే సింహం లేచి నడిచేదాకా అక్కణ్ణుంచి కదలడు. వాడికి కంచె లేని చోట సింహాన్ని చూపించాలని చాన్నాళ్లుగా డబ్బు దాస్తున్నాం. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం అనుకుంటున్నాం. ఏజెంటేమో దసరా సెలవుల్లో వెళ్లమంటున్నాడు, రేటు వింటే గుండె గుభేలుమంది. మా అమ్మ కూడా వస్తుంది, 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఎంవీపీ_బాటసారి:
సింహాల కోసమే అయితే సంక్రాంతికి వెళ్లండి. జూలై నుంచి అక్టోబరు దాకా పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటి నుంచి లక్షల్లో వైల్డ్‌బీస్టులు (ఆవులా కనిపించే ఒక రకం జింకలు) మారాకి వస్తాయి, అవి నది దాటడం చూడ్డానికే అంత జనం, అంత రేటు. సింహాలు ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. విదేశీయుల టికెట్ పెద్దవాళ్లకి రోజుకి 200 డాలర్లు, అదే జనవరి నుంచి జూన్ దాకా 100. వేసవి సెలవులు మాత్రం వద్దు, ఏప్రిల్, మేలో అక్కడ వానలు, నల్లరేగడి బురదలో జీపులు దిగబడతాయి.

బండి మీకే విడిగా మాట్లాడుకోండి, తెల్లారేసరికి లోపల ఉండాలి, ఎందుకంటే సింహం రోజులో 20 గంటల దాకా పడుకునే ఉంటుంది. మేం వెళ్లినప్పుడు ఎండెక్కాక ఓ ఆడసింహం మా జీపు నీడలోకొచ్చి టైరు పక్కనే పడుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మీది ఈగలు లేచి మళ్లీ వాలుతున్నాయి. అది లేచి వెళ్లేదాకా డ్రైవర్ ఇంజిన్ స్టార్ట్ చెయ్యలేదు. అలాంటి డ్రైవరే కావాలని గట్టిగా అడగండి, బళ్లన్నీ చుట్టూ మూగితే పాపం వాటి వేట చెడిపోతుంది.

గాజువాక_లక్ష్మి:
ముందు ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా సంగతి చూడండి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రభుత్వం గుర్తించిన సెంటర్లోనే వేయించుకోవాలి, వేయించుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. అరవై దాటాక మొదటిసారి వేసుకుంటే రిస్కు కాస్త ఎక్కువ, కాబట్టి అమ్మగారిని డాక్టరుకి చూపించకుండా టికెట్లు బుక్ చెయ్యొద్దు. మలేరియా మాత్రల గురించి కూడా అప్పుడే అడగండి.

పెందుర్తి_కుర్రాడు:
డాక్టర్ వద్దంటే దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు ఉంది కదండీ. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లోని నైరోబి, అడిస్ అబాబా మీదుగా కాకుండా వెళ్తే ఆ టీకా గొడవ ఉండదు. మెయిన్ రోడ్లు తారువి, మోకాళ్లకి హాయి. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలుండవు, గడ్డి పలచబడి జంతువులు నీళ్ల దగ్గరికి చేరతాయి, మన వేసవి సెలవులకి సరిగ్గా కుదురుతుంది. కాకపోతే రోడ్డు దిగి బండి పోనివ్వరు, సింహం పొదల్లో ఉంటే దూరం నుంచే చూడాలి.

సీతమ్మధార_నాన్న:
చాలా థాంక్సండీ. ఈ వారమే అమ్మని చూపిస్తా. సరేనంటే సంక్రాంతికి మారా, లేదంటే మేలో క్రూగర్. మారాకైతే సామాన్ల విషయంలో ఏమైనా జాగ్రత్తలున్నాయా?

ఎంవీపీ_బాటసారి:
నైరోబి నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు, అమ్మగారికి కష్టం. చిన్న విమానంలో వెళ్తే మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో. ప్లాస్టిక్ కవర్లు కెన్యాలో 2017 నుంచి నిషేధం, గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. అబ్బాయికి స్వెటర్ తప్పనిసరి, పొద్దున్నే జీపులో అరకు చలి ఉంటుంది.