బీఎంఎస్‌లో ప్రతి పాయింటునూ నిమిషానికోసారి లాగ్ చేయాలా?

రుషికొండ_డ్యూటీ:
రుషికొండలో ఒక ఆఫీసు బిల్డింగ్ బీఎంఎస్ (ఏసీలు, ఫ్యాన్లు, మీటర్లని ఒకేచోట నుంచి చూసుకునే కంప్యూటర్ వ్యవస్థ) చూస్తుంటాను. మొత్తం 1,200 పాయింట్లు (ఒక్కో సెన్సర్, వాల్వు, స్విచ్ రీడింగు ఒక్కో పాయింటు), అన్నీ 15 నిమిషాలకోసారి లాగ్ అవుతాయి. కొత్తగా వచ్చిన మేనేజరు గారు "డిస్కు చవకే కదా, అన్నీ నిమిషానికి పెట్టేయ్" అంటున్నారు. రోజుకి 1,15,200 రికార్డులు కాస్తా 17,28,000 అవుతాయి. నాకైతే మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పాత_చిల్లర్:
మీ మేనేజరు గారిదే రైటండి. బీచ్ రోడ్డు వైపు ఒక హోటల్లో పనిచేసినప్పుడు హాలంతా చెమ్మ, కుర్చీలు ముట్టుకుంటే జిగట. మన ఊరి ఉక్క సంగతి తెలిసిందే కాబట్టి మొదట అందరం సముద్రం మీదకి తోసేశాం. ట్రెండ్‌లో (లాగ్ అయిన విలువల గ్రాఫులో) ఏహెచ్‌యూ, అంటే గాలిని చల్లబరిచి హాల్లోకి పంపే యంత్రం, దాని చల్లనీళ్ల వాల్వు 50 శాతం దగ్గర గీత గీసినట్టుంది. కాయిల్ కడిగించాం, ఫిల్టర్లు మార్చాం. ఏం లాభం? చివరికి స్టూలు వేసుకుని వాల్వు పక్కనే కూర్చున్నాను. అది ఐదు నిమిషాలకో చుట్టు చొప్పున 20 నుంచి 80కి, మళ్లీ 20కి ఊగుతోంది. వాల్వు మూసుకున్నప్పుడల్లా కాయిల్ మీది తడి ఆవిరై తిరిగి హాల్లోకే పోతోంది. ఐదు నిమిషాల ఊపుని 15 నిమిషాలకోసారి చూస్తే ప్రతిసారీ అదే చోట దొరుకుతుంది. మరి గీత తిన్నగా ఉండక ఏమవుతుంది?

గాజువాక_ప్యానెల్:
డిస్కు సంగతి సరే, వైరు మాటేమిటి గురూ? పాత బిల్డింగుల్లో కంట్రోలర్లన్నీ (యంత్రాల పక్కనే ఉండి వాటిని నడిపే చిన్న పెట్టెలు) ఒకే ఆర్‌ఎస్-485 వైరు మీద 38,400 బాడ్ వేగంతో మాట్లాడుకుంటాయి. సర్వరు నిమిషానికోసారి అందరినీ పేరుపేరునా పిలుస్తూ కూర్చుంటే, ఆపరేటర్ ఇచ్చిన ఫ్యాన్ ఆఫ్ కమాండ్ కూడా వరసలో నిలబడాల్సిందే. నేను పడ్డాను ఆ టెన్షన్.

రుషికొండ_డ్యూటీ:
అయితే కంట్రోలర్‌లోనే ట్రెండ్ లాగ్ పెట్టి, సర్వరు అప్పుడప్పుడు తెచ్చుకుంటే? బ్యాక్‌నెట్‌లో (కంట్రోలర్లూ సర్వరూ మాట్లాడుకునే భాషలో) ఆ సదుపాయం ఉందిగా.

గాజువాక_ప్యానెల్:
పెట్టొచ్చు. ముందు బఫర్ (కంట్రోలర్‌లో రికార్డులు దాచుకునే చోటు) ఎంతో చూసుకోండి. 1,000 రికార్డులే పట్టేదైతే నిమిషం లెక్కన 16 గంటల 40 నిమిషాల్లో నిండిపోతుంది. తర్వాత పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. శనివారం సాయంత్రం సర్వరు పడుకుంటే సోమవారం పొద్దున్నకి మీ చేతిలో మిగిలేది ఆదివారం మధ్యాహ్నం నుంచే. అదే 15 నిమిషాలైతే పది రోజులు భద్రం. 2014లో హుద్‌హుద్ వచ్చాక ఎన్ని రోజులు కరెంటు లేకుండా ఉన్నామో మర్చిపోయారా?

సెట్‌పాయింట్_సీతమ్మధార:
ఇద్దరూ గడియారం పట్టుకునే కొట్టుకుంటున్నారు. విలువ మారినప్పుడే రాసే సీఓవీ ఉంది కదా! ఫ్యాన్ ఆన్-ఆఫ్, అలారాలకి అదే సరి. ఫ్యాన్ రోజుకి నాలుగుసార్లు మారితే 1,440 సార్లు రాయడం దేనికి? గది ఉష్ణోగ్రతకి అర డిగ్రీ తేడా పెట్టండి. కరెంటు మీటర్లని మాత్రం 15 నిమిషాల దగ్గరే ఉంచండి, గ్రిడ్ లెక్క కూడా ఆ బ్లాకుల్లోనే నడుస్తుంది.

పాత_చిల్లర్:
సీఓవీతో నాకో పేచీ ఉందమ్మా. మూడు గంటలు రికార్డు లేదనుకో, విలువ మారలేదా, సెన్సర్ పోయిందా? టెర్రస్ మీద తేమ సెన్సర్లని ఉప్పుగాలి ఎలా తినేస్తుందో నీకు తెలియనిది కాదు. పైగా ఊగే వాల్వుకి ఒక శాతం తేడా పెడితే బఫర్ నిమిషం లాగ్ కంటే ముందే నిండుతుంది.

సెట్‌పాయింట్_సీతమ్మధార:
వాల్వుకి పెట్టమని నేనన్నానా బాబాయ్? సెన్సర్లకి సీఓవీతో పాటు గంటకో రికార్డు కూడా రాయించండి. గంట దాటినా రాలేదంటే పోయినట్టే.

రుషికొండ_డ్యూటీ:
సరే, మేనేజరు గారితో ఇలా చెబుతాను. ఏహెచ్‌యూ వాల్వులు, సప్లై గాలి ఉష్ణోగ్రత, చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) నీళ్ల రాకపోకలు నిమిషానికి. ఆన్-ఆఫ్‌లు సీఓవీ. మిగతావి ఇప్పుడున్నట్టే. ఇంకో డౌటు, చిల్లర్ ప్యానెల్ లాగ్‌కీ సర్వరు లాగ్‌కీ సరిగ్గా ఐదున్నర గంటల తేడా వస్తోంది. ప్యానెల్ బ్యాటరీ పోయిందంటారా?

గాజువాక_ప్యానెల్:
బ్యాటరీ పోతే తేడా అంత లెక్కగా రాదు. ఒకటి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, రెండోది మన టైములో. ముందు అది సరిచేయండి, నిమిషాల సంగతి తర్వాత.