పిటా బ్రెడ్‌లో శాకాహార స్టఫింగ్: ఫలాఫెల్ లేకపోతే ఏం పెట్టాలి?

అల్లంరసం:
అందరికీ నమస్కారం. వచ్చే వారం మా బృందం పొద్దున్నే బయల్దేరి సాయంత్రం దాకా బయటే ఉంటుంది. మధ్యాహ్నం తినడానికి పిటా (లోపల సంచిలా తెరుచుకునే గుండ్రటి బ్రెడ్) శాండ్‌విచ్‌లు అనుకున్నాం. అందరూ శాకాహారులే, చేసే బాధ్యత నాది. ఇంతకుముందు చేసినప్పుడు టమాటా, సాస్ కలిసి బ్రెడ్ అడుగు నానిపోయి చిరిగింది. పైగా కొందరికి ఆకలి తీరలేదు. ఫలాఫెల్ (శనగలు రుబ్బి నూనెలో వేయించే ఉండలు) కాకుండా, కడుపు నిండేలా, డబ్బాలో కొన్ని గంటలు ఉన్నా బాగుండే స్టఫింగ్‌లు చెప్పండి.

మూకుడు:
ఫలాఫెల్ వద్దని ఎందుకు అంటున్నారో అర్థం కాలేదు. పిటాలో శాకాహారులకు దాన్ని మించింది లేదు. చాలామందికి కుదరకపోవడానికి కారణం శనగలు ఉడకబెట్టడం. డబ్బాలో దొరికే ఉడికిన శనగలతో చేసినా అంతే. ఉడికిన గింజలో పిండిపదార్థం అప్పటికే నీళ్లు పీల్చుకుని మెత్తబడి ఉంటుంది. రుబ్బితే ముద్దవుతుంది, నూనెలో వేయగానే విడిపోతుంది. అప్పుడు మైదా కలుపుతారు, ఉండలు రాళ్లలా గట్టిపడతాయి, నింద మాత్రం ఫలాఫెల్ మీద వేస్తారు.

ఎండు కాబూలీ శనగలను 12 నుంచి 24 గంటలు నానబెట్టండి. నీళ్లు వంచేసి, గుడ్డ మీద ఆరబెట్టి, పచ్చివే రుబ్బండి. రవ్వలా ఉండాలి, చేత్తో నొక్కితే నిలబడాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, కొత్తిమీర, పార్స్లీ, జీలకర్ర, ధనియాలు, ఉప్పు వేయండి. ఆకులు తక్కువ చేయొద్దు, లోపల పచ్చగా కనిపించాలి. చిటికెడు వంట సోడా వేయించే ముందు మాత్రమే కలపాలి. నూనె 175–180 డిగ్రీల దగ్గర ఉండాలి. అంతకంటే తక్కువైతే నూనె పీలుస్తాయి, ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. ఈజిప్టులో శనగలకు బదులు పొట్టు తీసిన ఎండు ఫావా బీన్స్ (ఒక రకం పెద్ద చిక్కుడు గింజలు) వాడతారు, తామియా అంటారు.

పిటాలో ముందుగా అడుగున తహినీ (నువ్వుల ముద్ద) సాస్, తర్వాత కీరా ముక్కలు, పైన ఫలాఫెల్, మళ్లీ సాస్. ఇదే వరస.

డబ్బామూత:
మూకుడు గారూ, ప్రశ్న మళ్లీ చదవండి. ఆవిడ "ఫలాఫెల్ కాకుండా" అన్నారు, "డబ్బాలో కొన్ని గంటలు" అన్నారు. వేడి ఫలాఫెల్‌ను మూత పెట్టిన డబ్బాలో ఉంచితే దాని ఆవిరే దాన్ని నానబెడుతుంది. కరకరలాడే పొర పోయాక మిగిలేది పొడిపొడిగా గొంతుకు అడ్డం పడే ముద్ద.

అల్లంరసం గారూ, బయటికి తీసుకెళ్లే పిటాకు ఇవి పనికొస్తాయి:

ముహమ్మరా. సిరియాలో అలెప్పో నగరానికి పేరు తెచ్చిన వంట. ఎర్ర క్యాప్సికం కాల్చి తొక్క తీసి, వాల్‌నట్‌లు, బ్రెడ్ పొడి, ఎండుమిర్చి, దానిమ్మ రసం మరిగించి చిక్కబరిచిన పాకం, ఆలివ్ నూనెతో కలిపి రుబ్బుతారు. బ్రెడ్ పొడి తడిని లాగేసుకుంటుంది కాబట్టి పిటా నానదు. వాల్‌నట్‌ల వల్ల కడుపు నిండుతుంది. చల్లగా తింటేనే రుచి. మీ రెండు ఇబ్బందులకూ మొదట నేను చెప్పేది ఇదే.

రెండోది, కాలీఫ్లవర్‌ను చిన్న ముక్కలు చేసి నూనె, జీలకర్ర పొడి, ఉప్పు పట్టించి 220 డిగ్రీల ఓవెన్‌లో అంచులు నల్లబడేదాకా కాల్చడం. ట్రేలో ముక్కలు ఒకదానిమీద ఒకటి పడకూడదు, పడితే కాలవు, ఉడుకుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

పిటా లోపలి గోడలకు చిక్కటి హమ్మస్ (ఉడికిన శనగలు, తహినీ కలిపి రుబ్బిన ముద్ద) పూస్తే కూరగాయల తడి బ్రెడ్‌కు తగలదు. కీరా, టమాటా గింజలు తీసి, ఉప్పు చల్లి, జల్లెడలో పావుగంట ఉంచి, నీరు వంచాక వాడండి. సాస్ మాత్రం విడిగా చిన్న సీసాలో. అడుగున సాస్ పోయడమంటే చిరగమని చెప్పడమే.

నిమ్మచెక్క:
పిటాలను ఫ్రిజ్‌లో పెట్టకండి, త్వరగా గట్టిపడతాయి. ముందే కొంటే ఫ్రీజర్‌లో పెట్టి, తినే రోజు బయటికి తీయండి. పైన కొద్దిగా నీళ్లు చిలకరించి పెనం మీద వేడి చేస్తే విరగకుండా తెరుచుకుంటాయి.

ఇంకోటి, పైన ఫావా బీన్స్ మాట వచ్చింది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లు అవి తినకూడదు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. బృందంలో ఎవరికైనా ఉందేమో ముందే అడగండి.

మూకుడు:
అడుగున సాస్ పోస్తే చిరుగుతుందన్నది బ్రెడ్ తప్పు, సాస్ తప్పు కాదు. మంచి పిటా బాగా వేడెక్కిన ఓవెన్‌లో కాలుతుంది. లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై రెండు పొరలనూ విడదీస్తుంది, అలా సంచి ఏర్పడుతుంది. పొరలు సమానంగా ఉంటే సాస్‌ను తట్టుకుంటాయి. ఒక పొర కాగితంలా ఉన్న బ్రెడ్ కొని సాస్‌ను తిడితే ఎలా? సాస్ పైనే పోస్తే మొదటి ముద్దలోనే అయిపోతుంది, చివరి సగం ఎండిపోయిన బ్రెడ్ నమలాలి.

డబ్బామూత:
అందరూ ఇంట్లో పిటా కాల్చుకోరు. కొన్న ప్యాకెట్‌లో ఒక పొర పలచగా వస్తుంది. ఉన్న బ్రెడ్‌కు తగ్గట్టు స్టఫింగ్ ఆలోచించాలి.

మూకుడు:
చిక్కగా కలిపితే ఏ బ్రెడ్డూ చిరగదు. తహినీలో నిమ్మరసం పడగానే అది గట్టిపడి విరిగినట్టు కనిపిస్తుంది. అక్కడ కంగారుపడి చాలామంది నీళ్లు గుమ్మరిస్తారు. చల్లటి నీళ్లు చెంచా చెంచా పోస్తూ గిలకొడితే తెల్లగా, చెంచా వెనక అంటుకునేలా తయారవుతుంది. అక్కడితో ఆపాలి. ఆ సాస్ అడుగున పోస్తే కారదు.

పుదీనా:
సబీఖ్ గురించి ఎవరూ చెప్పలేదే? వేయించిన వంకాయ ముక్కలు, హమ్మస్, తహినీ, సలాడ్, మామిడికాయతో చేసే పుల్లటి అంబా సాస్. ఇరాక్ నుంచి వెళ్లిన యూదులు ఇజ్రాయెల్‌లో ప్రాచుర్యంలోకి తెచ్చిన శాండ్‌విచ్. అందులో ఉడికిన గుడ్డు కూడా వేస్తారు.

అల్లంరసం:
మా వాళ్లు గుడ్డు తినరండి.

పుదీనా:
గుడ్డు తీసేసి ఉడికించిన బంగాళాదుంప చక్రాలు పెట్టండి. వంకాయ, అంబా ఉంటే చాలు.

డబ్బామూత:
చీజ్ పెట్టే ఆలోచన ఉంటే ప్యాకెట్ చదివి కొనండి. సైప్రస్ హలూమీ పెనం మీద కరగకుండా ఎర్రగా కాలుతుంది, పిటాలోకి బాగుంటుంది. కానీ పాలు విరగ్గొట్టడానికి కొందరు జంతువుల కడుపు నుంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు. శాకాహార రెనెట్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

కొత్తిమీరకట్ట:
నానబెట్టిన రాజ్మాతో ఫలాఫెల్ చేయొచ్చా? ఇంట్లో చాలా ఉన్నాయి.

మూకుడు:
చేయకూడదు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. పైపైన వేయిస్తే పూర్తిగా పోదు, వాంతులు, విరేచనాలు అవుతాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగించి మెత్తగా ఉడికించాకే తినాలి. అలా ఉడికిస్తే ఇక ఫలాఫెల్‌కు పనికిరాదు. దాన్ని మెదిపి నిమ్మరసంతో హమ్మస్‌లా పూసుకోండి.

డబ్బామూత:
చూశారా, పూసుకునేవే బయటికి బాగుంటాయని మీరే చెబుతున్నారు.

మూకుడు:
నా మాటను తిప్పకండి. పూసుకునేది పక్కన ఉండేదే కానీ శాండ్‌విచ్‌కు అసలు ముక్క కాదు. ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. ఒక శిక్షణ కార్యక్రమంలో మధ్యాహ్నం పిటాలు పెట్టారు. మాంసం తినేవాళ్లకు అప్పుడే కాల్చిన వేడి ముక్కలు, ఉల్లిపాయలు, సాస్. మాకు అదే పిటాలో లెట్యూస్ ఆకులు, కీరా చక్రాలు, ఇంత హమ్మస్. అడిగితే "శాకాహారం అన్నారు కదా" అన్నారు. అంటే మాకు వేడి అక్కర్లేదు, వేయించినది అక్కర్లేదు, పంటి కింద పడేది అక్కర్లేదు. ఆకులు చాలు. ఇక్కడ కూడా అదే వింటున్నాను. చల్లటి కాలీఫ్లవర్, చల్లటి ముద్ద. శాకాహారికి ఏదో ఒకటి కూరిపెడితే సరిపోతుందా?

డబ్బామూత:
ముహమ్మరాను "ఏదో ఒకటి" అంటారా? రుచి చూశారా అసలు?

మూకుడు:
చూశాను. బాగుంటుంది. భోజనం కాదు.

డబ్బామూత:
సరే, నేనూ చెబుతాను. మా ఇంట్లో అందరూ కలిసిన ప్రతిసారీ ఫలాఫెలే కావాలంటారు. వేడివేడిగా తినాలి కాబట్టి ఒకరు పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ ఒకరు నేను. వాళ్లు తింటూ, కబుర్లు చెప్పుకుంటూ, "ఇంకో నాలుగు వెయ్యి" అంటారు. నేను కూర్చునేసరికి పిటాలు చల్లారి అట్టల్లా అయి ఉంటాయి, సలాడ్ అడుగున నీళ్లు మిగులుతాయి. మీ శిక్షణలో మీకు వేడిది దొరకలేదని బాధపడ్డారు. నా ఇంట్లో వండిన నాకే ఏ రోజూ వేడిది దొరకలేదు. మూకుడు ముందు ఎవరు నిలబడతారో మీరు రాసిన ఇన్ని మాటల్లో ఒక్కచోటైనా ఉందా?

మూకుడు:
మీ ఇంట్లోవాళ్లు సాయం చేయకపోతే అది ఫలాఫెల్ తప్పా?

డబ్బామూత:
ఒక మనిషిని పొయ్యికి కట్టేసే స్టఫింగ్‌ను అందరికీ ఉత్తమం అని చెప్పడం తప్పు.

నిర్వాహకులు:
ఇద్దరూ వ్యక్తిగత విషయాలు పక్కన పెట్టండి. అల్లంరసం గారి ప్రశ్న మీద ఉండండి.

మూకుడు:
పక్కన పెట్టేది ఏముంది, విషయమే అది. ఇంతసేపూ సాస్ అడుగునా పైనా అని కొట్టుకున్నాం. నేను అడిగేది శాకాహారి పిటాలో కూడా ఒక అసలు ముక్క ఉండాలని. కొరికితే తగలాలి, నమలాలి. దాని కోసం ఎవరో ఒకరు కష్టపడాలి, ఆ కష్టానికి మేం తగమా?

డబ్బామూత:
తగరని నేను అనలేదు. వండేవాళ్లు కూడా తినేవాళ్లతోపాటు కూర్చోవాలి, నా మాట అంతవరకే. కొరికితే తగిలేది కావాలంటే వంకాయ ఉంది. వేలు మందం చక్రాలు కోసి, ఉప్పు రాసి అరగంట ఉంచి, తడి తుడిచి, నూనె పూసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చండి. ఒక్క ట్రేలో అందరికీ సరిపడా అవుతుంది, పక్కన ఎవరూ నిలబడక్కర్లేదు. నమలడానికి గట్టిగానే ఉంటుంది.

మూకుడు:
వంకాయ చల్లారితే మెత్తబడుతుంది.

డబ్బామూత:
సన్నగా కోస్తే మెత్తబడుతుంది. వేలు మందం అన్నాను.

నిమ్మచెక్క:
ఒక జాగ్రత్త. హమ్మస్, పెరుగు, వండిన కూరగాయలు బయట వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే. మీరు సగం రోజు బయటే అంటున్నారు, ఐస్ ప్యాక్‌లున్న పెట్టె తప్పనిసరి. ఏ స్టఫింగ్ పెట్టినా ముందు ఇది చూసుకోండి.

అల్లంరసం:
అందరికీ ధన్యవాదాలు. పిటాలు విడిగా, స్టఫింగ్‌లు విడిగా తీసుకెళ్లి, అక్కడే ఎవరిది వాళ్లు నింపుకునేలా ఏర్పాటు చేస్తాను. ఐస్ పెట్టె ఉంది. ముహమ్మరా, కాల్చిన వంకాయ, నీరు వంచిన కీరా, చిక్కటి తహినీ. బయల్దేరే ముందు ఇంట్లో ఫలాఫెల్ కూడా కొన్ని వేయించి, చల్లార్చి, మూత వదులుగా పెట్టి తీసుకెళ్తాను. మూకుడు గారూ, శనగలు ముందు రోజే రుబ్బి ఉంచొచ్చా?

మూకుడు:
ఉంచొచ్చు. సోడా వేయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉండలు చేసి ట్రేలో ఫ్రీజ్ చేసినా పాడవ్వవు, తీసి నేరుగా నూనెలో వేయొచ్చు. గడ్డకట్టినవి వేసినప్పుడు నూనె వేడి పడిపోతుంది, కొన్ని కొన్నిగా వేయండి. మూకుడు నిండా వేయకండి.

డబ్బామూత:
అల్లంరసం గారూ, పొద్దున్నే ఆ వాయిలన్నీ మీరొక్కరే దింపకండి. బృందంలో ఇంకొకరిని పిలవండి. ఆ పేరు కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.