‘ఒప్పు తప్పరయు రసజ్ఞు...’ తర్వాత ఏంటి?

ట్రంకురోడ్డు: మా మాస్టారి సన్మానపత్రంలో కమిటీవాళ్ళు ‘మహా రసికులు’ అని రాసిచ్చారు. ప్రెస్సులో డీటీపీ కుర్రాడు అది టైపు చేస్తూ ఒకటే నవ్వు. పద్యమైనా నాటకమైనా విని, ఎక్కడ కుదిరిందో ఎక్కడ చెడిందో చెప్పగల మనిషాయన. పెద్దన చాటువులో ‘ఒప్పు తప్పరయు రసజ్ఞు...’ అని వస్తుంది కదా. ఆ పాదం పూర్తిగా చెప్పండి, మాట అక్కడినుంచే తీసుకుందాం.

మూలాపేట: ‘ఒప్పు తప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్’. ఇవన్నీ దొరక్కుండా ఊరికే కృతులు రాయమంటే కుదురుతుందా అంటాడు పెద్దన. ఆ జాబితాలో కప్పురవిడెం, ఉయ్యెల మంచం అయ్యాక వీళ్ళ వంతు. ‘రసజ్ఞులు’ అని వేసెయ్యండి, గొడవ లేదు.

కందుకూరోడు: గొడవంతా అక్కడే ఉంది సార్. రసజ్ఞులు + ఊహా, రసజ్ఞుల + ఊహా? రెండోదైతే రసజ్ఞులు జాబితాలోంచే ఎగిరిపోతారు. వాళ్ళ ఊహ పట్టుకోగల లేఖకులూ పాఠకులూ దొరికితే చాలని అర్థం వస్తుంది.

మూలాపేట: ఉత్వసంధి నిత్యం.

కందుకూరోడు: అత్వసంధి బహుళం. అంటే ఇక్కడ జరగొచ్చు కూడా. పద్యం చంపకమాల, గణాలు రెండింటికీ ఒకటే, ఛందస్సు ఏమీ తేల్చదు.

పెన్న ఒడ్డు: యతి, అంటే అక్షరమైత్రి, చూశారా? ‘అరయు’లో అకారానికీ ‘తెలియంగల’లో ‘యం’కీ. కాబట్టి ‘అరయు’, అంటే పరిశీలించడం, మాత్రం కదలదు. అసలు కీలకం అదే. రసికుడు ఆస్వాదించి ఊరుకుంటాడు, రసజ్ఞుడు ఒప్పూ తప్పూ అరస్తాడు. ‘ఊహ’ ఎవరిదైనా మాస్టారికి నష్టం లేదు.

అద్దంకి అమ్మాయి: ‘సహృదయులు’ అనకూడదా? అభినవగుప్తుడి మాట ప్రకారం కావ్యాలు చదివీ చదివీ అద్దంలా తేటపడిన మనసు ఉన్నవాడే సహృదయుడు. ఇంతకంటే ఏం కావాలి!

ట్రంకురోడ్డు: బాగుందమ్మా, కానీ మా కమిటీవాళ్ళకి ‘సహృదయులైన దాతలు’ గుర్తొస్తారు. మాస్టారు విరాళం ఎంతిచ్చారని అడుగుతారు. ‘అభిరుచి’ అంటే మెస్ బోర్డులా ఉందన్నారు.

కందుకూరోడు: ఎవరూ పట్టించుకోలేదు గానీ, తాటాకు మీద పదాల మధ్య ఖాళీ ఉండదు. గంటంతో వరసగా గీసుకుంటూ పోవడమే. ఎక్కడ విరవాలో చదివేవాడే తేల్చుకోవాలి. ‘ఊహ తెలియంగల’ పాఠకుడంటే ఆ విరుపు తెలిసినవాడని నా వాదన. మనం ఇప్పుడు కొట్టుకుంటున్నది సరిగ్గా అదే పరీక్షలో.

పెన్న ఒడ్డు: లేఖకుడి ఊహ అంటే మా నెల్లూరు కథే చెప్పాలి. తిక్కన గారు భారతం చెబుతూ చెబుతూ ఒకచోట ఆగిపోయి, ఆకు మీద రాస్తున్న కుమ్మరి గురునాథుడితో ‘ఏమి చెప్పుదుం గురునాథా’ అన్నారట. ఆయన అదీ రాసేసుకున్నాడు. చూస్తే పద్యం కుదిరింది! చెప్పుదున్ + కురునాథా, సంజయుడు ధృతరాష్ట్రుడితో అన్నట్టు. క కాస్తా గ అయింది, అంతే. లేఖకోత్తముడంటే అతను.

మూలాపేట: గంటం ఆపకపోవడం ఊహ ఎట్టా అవుతుంది? విన్నది విన్నట్టు రాశాడు. క గ అయ్యే ఆ సరళాదేశం గుర్తుపట్టింది తిక్కన గారు. ఆ కథలో రసజ్ఞుడు కవే.

పెన్న ఒడ్డు: ‘గు’ రాస్తూ ‘కు’ విన్నాడని ఎందుకనుకోకూడదు?

అద్దంకి అమ్మాయి: తిక్కన గారు మొదలయ్యాక ఇక ఆగరు మీరు. పదిహేను పర్వాలు ఆయనవే, ఒప్పుకుంటాం. అరణ్యపర్వ శేషం పూర్తిచేసిన మా ఎర్రన ఊసు ఒక్కరైనా ఎత్తారా? ప్రబంధపరమేశ్వరుడండీ.

పెన్న ఒడ్డు: మీ ఎర్రనా? ఆయనది గుడ్లూరంటారు. 2022లో కందుకూరు డివిజనుతో పాటు గుడ్లూరూ నెల్లూరు జిల్లాలో కలిసింది.

కందుకూరోడు: అదే ఏడు అద్దంకి బాపట్లకు పోయింది. ఒంగోలు వాళ్ళ బాధ ఎవరికి చెప్పుకోవాలి సామీ! జిల్లాల సంగతి వదిలేసి ‘లూ’ దగ్గరికి రండి. రసజ్ఞులు విడిగా ఉన్నారంటే, మరి తెలియాల్సిన ఆ ఊహ ఎవరిది?

మూలాపేట: కవిది. ఇంకెవరిది?

కందుకూరోడు: కవి అన్న మాట పాదంలో లేదు. రసజ్ఞులు ఉన్నారు, పక్కనే ఉన్నారు.

ట్రంకురోడ్డు: అయ్యా, ప్రెస్సు కట్టేసే వేళయింది. కమిటీవాళ్ళు ‘సాహితీప్రియులు’ అని ఖాయం చేశారు.

పెన్న ఒడ్డు: ప్రియులంటే అంతా ఒప్పే అనేవాళ్ళు. తప్పు ఎవరు అరస్తారు?

మూలాపేట: ముందు ఆ పత్రం ప్రూఫు ఇక్కడ పెట్టండి, అరుద్దాం.