సమస్య: నీరు చిలుక వెన్న నిండెఁ గడవ

నిర్వాహకుడు: నిన్న మా ఆవిడ మీగడ మిక్సీలో వేసి, ఎంత తిప్పినా వెన్న పడక "నీళ్లు చిలికినట్టే ఉంది" అని విసుక్కుంది. మేలో చెన్నై మరి! నాకు మాత్రం సమస్య దొరికింది. ఇది చివరి పాదంగా, అర్థం కుదిరేలా పద్యం పూరించాలి. కానివ్వండి.

మైలాపూర్ మామ:
కొండ కవ్వమాయెఁ గొనలు దైత్యులు వట్టఁ
బాము తాడు గాఁగ బలిమితోడ
అలసి సొలసి దివిజులందఱు పాల మున్
నీరు చిలుక వెన్న నిండెఁ గడవ

అంబత్తూర్ బాబాయి: మున్నీరు, అంటే సముద్రం! విరుపు అదిరింది మామా. కానీ కొనలన్నీ దైత్యులకే ఇచ్చేశారే? వాసుకి తల వాళ్లది, తోక దేవతలది. మీ దివిజులు ఏం పట్టుకుని అలిసిపోయారు?

మామ: అది గౌరవ బహువచనం.

బాబాయి: పాము తలకా!

తిరువాన్మియూర్ పిన్ని: నాది వంటింటి పూరణ.
ఎండకాలమందు నెంతకు రాలేదు
కవ్వ మాపె నత్త కసరికొనుచు
పోసి కుండలోనఁ బొరుగమ్మ యొసఁగు చన్
నీరు, చిలుక వెన్న నిండెఁ గడవ

నిర్వాహకుడు: 'నీరు' దగ్గర ఆగడంతోనే సమస్య విడిపోయింది. భేష్!

మామ: చన్నీరు మా మున్నీరుకి తమ్ముడే కదా. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు పిన్నిగారూ? అయినా మా అమ్మమ్మ చిలికేటప్పుడు పొరుగమ్మని గడప తొక్కనిచ్చేది కాదు. కన్ను పడితే వెన్న పడదట.

పిన్ని: అందుకే తెల్లారకముందే చిలికేవారు. దిష్టి సంగతేమో గానీ, చల్లటి వేళ వెన్న ముద్ద కడుతుంది, ఎండెక్కితే జారిపోతుంది. మరీ చలిగా ఉంటే గోరువెచ్చని నీళ్లు పోసేవారు. అదెవరి కన్ను?

తాంబరం కుర్రాడు: నా మొదటి పాదం చూడండి: "అరుణకాంతిలోనె అమ్మమ్మ చిలికె"

బాబాయి: చివర లఘువు జారింది నాయనా. 'చిలికెను' అను. 'లోనె యమ్మమ్మ' అని యడాగమమూ పెట్టు.

మామ: కుర్రాణ్ణి వదిలెయ్. పోయినసారి "ఎండలోన వెన్న యేమి కాదు" ఇస్తే నువ్వు మహాబలిపురం వెన్నముద్ద బండని దొర్లించుకొచ్చావు. అదీ ఒక పూరణేనా?

బాబాయి: 250 టన్నుల బండ మామా, ఏటవాలు మీద నిలబడి ఉంది. 1908లో ఏడు ఏనుగులతో లాగించినా కదల్లేదంటారు. మీ మాటకి కదులుతుందా?

పిన్ని: పొయ్యి మీద వెన్న కాగుతోంది, మునగాకు వేసొస్తా. ఈలోగా ఆ పాము సంగతి తేల్చండి.

మామ: సరే, 'కొనలు' తీసేసి 'కొనను' అని చదువుకోండి. తోక దేవతలకి వదిలేశాను.