డ్రైయర్ తిరుగుతోంది, వేడి మాత్రం చాలడం లేదు: ముందుగా ఏం చూడాలి?

ప్రశ్న (ఆస్టిన్, టెక్సస్ నుంచి)

మా ఇంట్లో ఉన్నది ఎలక్ట్రిక్ డ్రైయర్. కొన్ని వారాలుగా అందులో బట్టలు సరిగా ఆరడం లేదు. డ్రమ్ము మామూలుగానే తిరుగుతుంది, లోపల గోరువెచ్చగా ఉంటుంది, పల్చటి చొక్కాలు ఎలాగో ఆరిపోతాయి గానీ తువ్వాళ్లు, జీన్స్ మాత్రం రెండోసారి వేసినా తడిగానే వస్తున్నాయి. బట్టల నూగును పట్టే లింట్ జల్లెడను ప్రతిసారీ శుభ్రం చేస్తాము. లాండ్రీ గది ఇంటి మధ్యలో ఉన్నందువల్ల గాలి గొట్టం ఆటిక్ (కప్పు కింది అటక) మీదుగా ఇంటి కప్పు పైకి వెళ్తుంది. చూడడానికి వచ్చిన మెకానిక్ హీటింగ్ ఎలిమెంట్ (వేడి పుట్టించే తీగచుట్ట, అంటే కాయిల్) పోయిందని, అది మార్చే బదులు కొత్త డ్రైయర్ కొనుక్కోవడమే మేలని చెప్పారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు మేమే చూసుకోదగినవి ఏమైనా ఉంటే, ఏ వరుసలో చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

ఎలిమెంట్‌ను అనుమానించడం తొందరపాటే అవుతుందని నా అభిప్రాయం. ఒకే కాయిల్ ఉన్న ఎలిమెంట్ తెగిపోతే వేడి పూర్తిగా ఆగిపోతుంది. మీకు కొంత వేడి వస్తోంది కాబట్టి ముందు గాలి దారిని చూడండి. డ్రైయర్‌లో వేడి ఎంత అవసరమో, తడిని మోసుకుని బయటికి పోయే గాలి అంతే అవసరం. గొట్టం నూగుతో పూడుకుపోతే తేమ నిండిన గాలి లోపలే ఉండిపోతుంది, హీటర్ చుట్టూ ఉష్ణోగ్రత హద్దు దాటుతుంది, అప్పుడు హై లిమిట్ థర్మోస్టాట్ హీటర్‌ను పదేపదే ఆపేస్తుంది. హీటర్ బాగానే ఉన్నా వేడి చాలనట్టు అనిపించడానికి చాలా ఇళ్లలో ఇదే కారణం.

పరీక్ష సులువే. ప్లగ్ తీసి, డ్రైయర్‌ను ముందుకు జరిపి, వెనక ఉన్న గొట్టాన్ని ఊడదీయండి. మళ్లీ ప్లగ్ పెట్టి, తడి తువ్వాళ్లు కొన్ని వేసి, కిటికీలు తెరిచి, పక్కనే ఉండి ఒక్కసారి నడపండి. తువ్వాళ్లు చక్కగా ఆరితే లోపం గొట్టంలోనే ఉన్నట్టు. ఇది ఎలక్ట్రిక్ డ్రైయర్‌కు మాత్రమే వర్తిస్తుంది. గ్యాస్ డ్రైయర్‌ను ఇలా నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది కనుక ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

లింట్ జల్లెడను కుళాయి కింద పట్టి చూడడం కూడా మంచిది. బట్టలు మెత్తబడడానికి డ్రైయర్‌లో వేసే డ్రైయర్ షీట్లు వాడే ఇళ్లలో దాని మీద కంటికి కనబడని మైనపు పొర పేరుకుంటుంది. నీళ్లు కారిపోకుండా నిలిస్తే సబ్బుతో, మెత్తని బ్రష్‌తో కడగండి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ కరెంటు వైపు సంగతి చెబుతాను. అమెరికాలో ఎలక్ట్రిక్ డ్రైయర్ హీటర్ 240 వోల్టుల మీద నడుస్తుంది, మోటారుకు మాత్రం సాధారణంగా 120 వోల్టులు చాలు. ఆ 240 వోల్టులు 120 చొప్పున రెండు లైన్ల ద్వారా వస్తాయి. అందువల్ల వాటిలో ఒకటి పోయినా కొన్నిసార్లు డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం అసలు రాదు. మీది ఆ పరిస్థితి కాకపోయినా, 30 ఆంపియర్ల జంట బ్రేకర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేయడానికి ఖర్చేమీ లేదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మరో మాట. కొన్ని పెద్ద భవనాల్లో 240కి బదులు 208 వోల్టులే అందుతాయి. అప్పుడు 5400 వాట్ల హీటర్ దాదాపు 4050 వాట్లే ఇస్తుంది, అంటే నాలుగో వంతు వేడి తగ్గుతుంది. అక్కడ ఎన్ని భాగాలు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఎలిమెంట్‌నే పరీక్షించాలనుకుంటే ప్లగ్ తీసి, దాని వైర్లు విడదీసి, మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవండి. 5400 వాట్ల ఒంటి కాయిల్ అయితే సుమారు 11 ఓములు చూపాలి. రెండు కాయిళ్లు ఉన్న మోడళ్లలో ఒకటి తెగితే సగం వేడే వస్తుంది కాబట్టి దేనికది కొలవాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గొట్టం తీసి నడిపితే తువ్వాళ్లు ఒక్కసారికే పూర్తిగా ఆరాయి. ఆటిక్‌లోని గొట్టంలో మలుపులు చాలానే ఉన్నాయి, డ్రైయర్ వెనక కొంత భాగం వెండి రంగు రేకు గొట్టం. దీన్ని శుభ్రం చేయిస్తే సరిపోతుందా, మొత్తం మార్చాలా?

జవాబు 3

ముందు శుభ్రం చేయించండి, ఆ పల్చటి రేకు గొట్టాన్ని మాత్రం తప్పక తీసేయండి. అది సులువుగా నలిగిపోతుంది, దాని ముడతల్లో నూగు ఇరుక్కుంటుంది. ఆటిక్‌లో నున్నటి లోహపు గొట్టమే ఉండాలి, 4 అంగుళాల వ్యాసంతో. అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి వాడే నియమావళి, ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్, సాధారణంగా 35 అడుగుల పొడవు వరకు అనుమతిస్తుంది. మామూలు 90 డిగ్రీల మలుపు ఒక్కొక్కదానికి అందులోంచి 5 అడుగులు తీసివేయాలి. మీ డ్రైయర్ మాన్యువల్‌లో వేరే లెక్క ఉండవచ్చు, అదీ చూడండి. కప్పు మీది మూతకు జాలీ బిగించి ఉంటే నూగు అక్కడే గడ్డకడుతుంది. కోడ్ ప్రకారం జాలీ ఉండకూడదు. కప్పు ఎక్కడం ప్రమాదం కాబట్టి ఆ పని తెలిసినవారికే అప్పగించండి.

దీన్ని వాయిదా వేయవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. పేరుకున్న నూగు చాలా సులువుగా అంటుకుంటుంది, డ్రైయర్ల వల్ల ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాలకు శుభ్రం చేయకపోవడమే ప్రధాన కారణమని అమెరికా అగ్నిమాపక సంస్థ కూడా చెబుతోంది. ఎప్పుడైనా థర్మల్ ఫ్యూజ్ (వేడి మితిమీరితే తెగిపోయే రక్షణ భాగం) పోయిందని తేలితే, దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలపడానికి ఎవరినీ అనుమతించకండి. గొట్టం బాగుచేయించాకే కొత్త ఫ్యూజ్ వేయించండి, లేకపోతే అదీ మళ్లీ పోతుంది.