రాయగడ–విశాఖ దారికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ సరిపోతుందా?

నాగావళి గట్టు (రాయగడ):

అందరికీ నమస్కారం. మా ట్యాక్సీ స్టాండులో వారం రోజులుగా ఒకటే వాదన నడుస్తోంది. ఇక్కడ పెడితే తెలిసినవాళ్లు నాలుగు మాటలు చెప్తారని రాస్తున్నాను.

2025 అక్టోబరులో టోక్యోలో జరిగిన జపాన్ మొబిలిటీ షోలో మాజ్డా కంపెనీ విజన్ ఎక్స్-కూపే అని ఒక నమూనా కారు చూపించింది. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. బ్యాటరీ మీదే 160 కిలోమీటర్లు పోతుందని, ఇంజిన్ కూడా కలిస్తే మొత్తం 800 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ మాట. శక్తి 510 హార్స్‌పవర్. ఆ కారు మనకు రాదు, మాజ్డా మన దేశంలో కార్లు అమ్మదు. వచ్చినా నేను కొనలేను. నాకు కావాల్సింది ఆ పద్ధతి.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది ఇంజిన్ వల్లా, బ్రేకు వేసినప్పుడూ నిండుతుంది, మనం ఇంట్లో చార్జింగ్ పెట్టే వీలు లేదు. ప్లగ్-ఇన్‌లో బ్యాటరీ పెద్దది. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకోవచ్చు, అది అయిపోతే పెట్రోలు మీద పోవచ్చు.

నాది ఏడు సీట్ల డీజిల్ బండి. పేషెంట్లను విశాఖ తీసుకెళ్లడమే నా పనిలో సగం. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా రెండు వందల కిలోమీటర్ల లోపే. రానూపోనూ నాలుగు వందలు అనుకోండి. రెండేళ్ల కిందట మా బావమరిది ఎలక్ట్రిక్ కారులో మా అత్తగారిని ఆపరేషన్‌కి తీసుకెళ్లాం. తిరిగి వస్తుంటే రాత్రి పది దాటింది. దారిలో చార్జింగ్ దగ్గర ఆగితే మెషీను ఆన్ కాలేదు. బోర్డు మీద నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. కుట్లతో ఉన్న మనిషి వెనక సీట్లో పడుకుని ఉన్నారు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. చివరికి ఒక టిఫిన్ సెంటరాయన షట్టర్ ఎత్తి, తన గ్రైండర్ ప్లగ్గు ఇచ్చాడు. మూడున్నర గంటలు అక్కడే కూర్చున్నాం.

అందుకే అంటున్నాను, మన లాంటి చోటికి పూర్తి ఎలక్ట్రిక్ తొందరపాటు, ప్లగ్-ఇనే సరైన మెట్టు. కాదంటారా?

ఘాటీ కుర్రాడు (జయపురం):

కాదంటాను అన్నా. మీకు జరిగింది చదివితే బాధేసింది. కానీ అది చార్జింగ్ మెషీన్ల తప్పు, కారు తప్పు కాదు. మెషీన్లు బాగుపడతాయి. మీరు ఒకసారి కొన్న ఇంజిన్ మాత్రం పదేళ్లు మీతోనే ఉంటుంది.

నేను రెండేళ్లుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను. జయపురం నుంచి కొరాపుట్ ఎక్కే ఘాటీలో ఏ డీజిల్ బండీ దాని ముందు నిలవదు. సుంకి ఘాటీలో సాలూరు వైపు దిగేటప్పుడు బ్యాటరీ శాతం తగ్గకపోగా పెరుగుతుంది. కిలోమీటరుకు రూపాయి కూడా పడటం లేదు, ఇంట్లో చార్జింగ్ కాబట్టి. ప్లగ్-ఇన్ అంటే మోటారూ మొయ్యాలి, బ్యాటరీ మొయ్యాలి, పైగా ఇంజిన్, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోలు ట్యాంకు అన్నీ మొయ్యాలి. నెలకు నాలుగు రోజుల భయం కోసం ముప్పై రోజులు ఈ బరువంతా ఎందుకు?

డబ్బు సంగతి కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీ ప్రకారం ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం. చిన్న కారు కొలతలు దాటిన హైబ్రిడ్‌కు 40 శాతం, ప్లగ్గు ఉన్నా లేకపోయినా అంతే. మీరు అడిగే ఏడు సీట్ల బండి ఆ 40లోనే పడుతుంది. ఆ తేడా ఎన్నేళ్ల పెట్రోలు మిగిల్చితే పూడుతుందో మీరే లెక్క వేయండి.

పాత పానాలు (గుణుపురం):

నేను 27 ఏళ్లుగా మెకానిక్‌ని. రెండు వైపులా వాదించేవాళ్లు బండి కింద పడుకునేవాడి మాట కూడా వినాలి.

ముందు ఆ మాజ్డా ఇంజిన్. అది మామూలు పిస్టన్ ఇంజిన్ కాదు, రోటరీ. లోపల మూడు మూలల రోటరు గిర్రున తిరుగుతుంది. 1967లో కాస్మో స్పోర్ట్ నుంచి మాజ్డా వాళ్లు దీన్ని పట్టుకుని ఉన్నారు, 1991లో ల మాన్ 24 గంటల రేసు కూడా దీంతోనే గెలిచారు. చిన్నది, తేలిక, అదురు తక్కువ. కానీ రోటరు మూలల్లో ఉండే సీళ్లు అరిగితే కంప్రెషన్ పోతుంది, ఆయిల్ తాగుతుంది. రోటరీతో నడిచే ఆర్‌ఎక్స్-8 కారును 2012లో ఆపేశారు. 2023లో ఎంఎక్స్-30 అనే ప్లగ్-ఇన్‌లో మళ్లీ తెచ్చారు, అందులో రోటరీ చక్రాలను తిప్పదు, జనరేటరుగా కరెంటు పుట్టిస్తుంది. ఆ పని దానికి బాగా కుదిరిందని నా అభిప్రాయం. ఒకే వేగం దగ్గర తిరిగే ఇంజిన్ ఎక్కువ కాలం బతుకుతుంది. మన పొలం డీజిల్ ఇంజిన్లు చూడండి, ఎన్నేళ్లు ఆడతాయో.

ప్లగ్-ఇన్ కొత్త విషయం అనుకోవద్దు. 2008లో చైనాలో బీవైడీ వాళ్లు ఎఫ్3డీఎం అమ్మారు. 2010లో అమెరికాలో షెవర్లే వోల్ట్ వచ్చింది, 2019లో ఆపేశారు. మన దేశంలో 2016లోనే వోల్వో ఎక్స్‌సీ90 టీ8 వచ్చింది. ధర కోటీ పాతిక లక్షలు! అక్కడే ఆగిపోయింది మన కథ.

రోజూ చార్జింగ్ మీదే తిరిగితే ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంటుంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది చెమ్మ పీలుస్తుంది. వోల్ట్‌లో పెట్రోలు పాతబడితే కారే ఇంజిన్ ఆన్ చేసి దాన్ని వాడేసేది. ఇవన్నీ కంపెనీకి తెలుసు. గుణుపురంలో నాకు ఎవరు నేర్పుతారు? 400 వోల్టుల వైరు ఎక్కడ తెంచాలో తెలియని కుర్రాడు బోనెట్ ఎత్తితే ప్రాణం పోతుంది. ఆ ట్రైనింగ్ మా జిల్లాకి వచ్చాక మాట్లాడండి, ఎలక్ట్రిక్ అయినా, ప్లగ్-ఇన్ అయినా.

పర్లాకిమిడి మాస్టారు:

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది. అప్పుడు నా దగ్గర ఎలక్ట్రిక్ కారు ఉండి ఉంటే అది ఇనప పెట్టె. పెట్రోలు కారు ఉంది కాబట్టి మా వీధిలో పురిటి నొప్పులు పడుతున్న అమ్మాయిని టెక్కలి చేర్చాం. చెట్టు అడ్డం ఉన్న చోటల్లా నలుగురం దిగి కొమ్మలు నరుకుతూ వెళ్లాం.

తీరం పక్క జిల్లాల వాళ్లం మనం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్. ఈ సంగతి లెక్కలోకి తీసుకోకుండా మైలేజీ గురించి మాట్లాడితే నాకు ఒప్పదు. జపాన్‌లో మిత్సుబిషి ఔట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్‌లో 1500 వాట్ల ప్లగ్గు పాయింటు ఇచ్చారు. కారు నుంచే ఇంటికి దీపాలు, ఫ్రిజ్, ఫోన్లు నడుపుకోవచ్చు. బ్యాటరీ అయిపోతే ఇంజిన్ తిరిగి నింపుతుంది. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టుకునే నా లాంటివాడికి దాని విలువ తెలుస్తుంది.

ఘాటీ కుర్రాడు (జయపురం):

మాస్టారూ, తిత్లీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. ఎలక్ట్రిక్ కార్లలోనూ బయటికి కరెంటు ఇచ్చేవి ఉన్నాయి, కానీ అవి తిరిగి నిండవు కదా.

బరంపురం లెక్కలు:

అందరూ కారు గురించి మాట్లాడుతున్నారు, మనిషి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను చెప్పేది కాస్త చేదుగా ఉంటుంది.

2021లో రోడ్డెక్కిన కార్లలోని కంప్యూటర్ల నుంచే లెక్కలు తీసి, యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు కాగితం మీద చెప్పిన దానికంటే సుమారు 20 శాతం ఎక్కువ పొగ వదిలాయి. ప్లగ్-ఇన్‌లు కాగితం మీద చెప్పిన దానికి మూడున్నర రెట్లు వదిలాయి. కారణం ఇంజిన్ చెడ్డదని కాదు. జనం అనుకున్నంతగా చార్జింగ్ పెట్టలేదు. అక్కడ కంపెనీలు ఇచ్చే కార్లు ఎక్కువ. పెట్రోలు డబ్బు కంపెనీ ఇస్తుంది, ఇంటి కరెంటు బిల్లు తను కట్టుకోవాలి. ఇక ప్లగ్గు ఎవడు పెడతాడు?

ఇప్పుడు మన ట్యాక్సీలకు రండి. బండి ఓనరుది. డ్రైవరు అద్దె గదిలో ఉంటాడు, మేడ మీద. బండి రోడ్డు పక్కన. పెట్రోలు ఓనరు పోయిస్తాడు. ఆ డ్రైవరు రాత్రి పన్నెండుకి వచ్చి ఎక్కడ ప్లగ్గు పెడతాడు? పెట్టలేదని అతన్ని తప్పుపట్టడం న్యాయమా? 40 శాతం పన్ను కట్టి, బరువు బ్యాటరీ మోసుకుంటూ పెట్రోలు మీదే తిరిగే బండి అవుతుంది అది. ఉత్తరప్రదేశ్ 2024లో హైబ్రిడ్లకు, ప్లగ్-ఇన్‌లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. మన దగ్గర కూడా అలా చేయాలని అడిగేవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పార్వతీపురం వంతెన:

మేమైతే పెట్రోలు కోసం మీ ఒడిశా వైపే వస్తున్నాం, మా దగ్గర కంటే చవక అని. సరిహద్దు దాటితే రేటు మారిపోతుంది, దారి మాత్రం ఒకటే. ఈ చర్చ మా వైపు వాళ్లకీ కావాలి. నాగావళి అన్నా, బరంపురం ఆయన అడిగినదానికి మీరేమంటారు?

నాగావళి గట్టు (రాయగడ):

రాత్రంతా ఆలోచించాను. ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. నా రెండో బండి నడిపే కుర్రాడు అచ్చం ఆయన చెప్పినట్టే ఉంటాడు, అద్దె గది, మేడ మీద.

పొద్దున లేచి నా ట్రిప్పుల పుస్తకం తీశాను. పోయిన నెల 26 ట్రిప్పులు. అందులో 19 దగ్గరివే, పార్వతీపురం దాకానో అటూ ఇటూనో, రానూపోనూ వంద లోపు. విశాఖ ఏడు సార్లు. ట్రిప్పులు చూస్తే దగ్గరివే ఎక్కువ అని సంబరపడ్డాను. కిలోమీటర్లు కూడితే విషయం తిరగబడింది. 19 ట్రిప్పులకు సుమారు పదిహేడు వందలు, ఆ ఏడింటికే రెండు వేల ఏడు వందలు. అంటే నేను కాల్చే డీజిల్లో ఎక్కువ భాగం విశాఖ దారిలోనే పోతోంది. ఇంట్లో ప్లగ్గు పెడితే 160 కిలోమీటర్ల బ్యాటరీ బొబ్బిలి, విజయనగరం దాటిస్తుంది. ఎంఎక్స్-30లో ఉన్నలాంటిది, 85 కిలోమీటర్లది అయితే బొబ్బిలి దాటగానే ఇంజిన్ లేస్తుంది. తిరుగు ప్రయాణం మొత్తం పెట్రోలే.

అప్పుడు ఇంకోటి తట్టింది. విశాఖలో ఆసుపత్రి దగ్గర నేను తక్కువలో తక్కువ ఐదు గంటలు ఆగుతాను. టెస్టులు, డాక్టరు, మళ్లీ రిపోర్టులు. ఒక్కోసారి రాత్రంతా బండిలోనే. ఆ ఐదు గంటలు బండి ఊరికే నిలబడి ఉంటుంది. మామూలు 15 యాంప్ ప్లగ్గు ఇస్తే గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి, ఐదు గంటలకు పదిహేను. ఎంఎక్స్-30 బ్యాటరీ 17.8 యూనిట్లు. అంటే దాదాపు నిండిపోతుంది! ఆ రాత్రి మమ్మల్ని ఇల్లు చేర్చింది కూడా ఫాస్ట్ చార్జర్ కాదు, టిఫిన్ సెంటరు గ్రైండర్ ప్లగ్గు.

జయపురం తమ్ముడూ, బాగుపడతాయని నువ్వన్న హైవే మెషీన్లు నీ కారుకి అవసరమే. నేను అడిగేది వేరే. బండ్లు గంటలు గంటలు నిలబడే చోట, ఆసుపత్రి ఆవరణలో, రైల్వే స్టేషన్ బయట, మా ట్యాక్సీ స్టాండులో, మీటరు పెట్టి మామూలు ప్లగ్గులు ఇవ్వాలి. డబ్బు మేమే కడతాం. అది ఉంటే నీ ఎలక్ట్రిక్ కారుకీ పనికొస్తుంది, నా ప్లగ్-ఇన్‌కీ పనికొస్తుంది, అద్దె గది కుర్రాడికీ పనికొస్తుంది. అది లేకుండా ప్లగ్-ఇన్ సరైన మెట్టు అన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత పానాలు (గుణుపురం):

స్టాండులో ప్లగ్గులు అంటే ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. వానలో తడిసే చోట ఈఎల్‌సీబీ, అదే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, లేకుండా పెట్టనివ్వకండి. పాత తీగకి 16 యాంపులు ఆరు గంటలు లాగితే కరిగిపోతుంది, నేను కళ్లారా చూశాను. మీ స్టాండు వాళ్లు దరఖాస్తు పెట్టేటప్పుడు చెప్పండి, ఏం వైరు వెయ్యాలో నేను వచ్చి చూసి రాసిస్తాను.

ఘాటీ కుర్రాడు (జయపురం):

దరఖాస్తు కాయితం ఒకటి జయపురానికి కూడా పంపండి అన్నా. మా బస్టాండు దగ్గర పన్నెండు బండ్లు ఆగుతాయి, అందరి సంతకాలు నేను తెస్తాను.